చైనా కార్లు అమెరికా షోరూంలకు ఎప్పుడు వస్తాయి? ఆగడమా, ఉన్నదేదో కొనేయడమా?

రమణ, ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. మా 2012 క్యామ్రీకి కాలం చెల్లింది. గేరు మారినప్పుడల్లా కుదుపు. దాన్ని బాగు చేయడానికి మెకానిక్ చెప్పిన అంకె, కారు అమ్మితే వచ్చే డబ్బుకు దగ్గరగా ఉంది. కాబట్టి కొత్తది కొనక తప్పదు.

సరిగ్గా ఈ సమయంలోనే బుర్రలో ఒక పురుగు దూరింది. శాన్ మార్కోస్ ఔట్‌లెట్ దుకాణాల దగ్గర, పార్కింగ్‌లో మెక్సికో నంబరు ప్లేటుతో చైనా కంపెనీ బివైడి వాళ్ళ షార్క్ పికప్ కనిపించింది. మోంటెర్రే నుంచి షాపింగుకు వచ్చిన పెద్దాయనది. మేం చుట్టూ తిరిగి చూస్తుంటే ఆయనే నవ్వుతూ తలుపు తీశాడు. బొత్తాం నొక్కగానే మధ్యలో ఉన్న పెద్ద తెర అడ్డం నుంచి నిలువుకు తిరిగింది. మా అబ్బాయి ఇక అక్కడి నుంచి కదిలితే ఒట్టు.

ఇంటికి వచ్చి వెతికితే అదే కంపెనీ సీగల్ అనే చిన్న కారును చైనాలో 10,000 డాలర్ల లోపే అమ్ముతోందట. ఇక్కడేమో కొత్త కారు సగటు ధర 2025 సెప్టెంబరులోనే 50,000 డాలర్లు దాటింది. ఒకటి రెండేళ్ళు ఈ క్యామ్రీని ఎలాగో లాక్కొస్తే చైనా కార్లు ఇక్కడికి వస్తాయా? లేదంటే మెక్సికో వెళ్ళి కొని తెచ్చుకునే వీలుందా? మా ఆవిడ మాత్రం "ఆలూ లేదు, చూలూ లేదు" అని ఊరుకుంది. మిగతా సామెత నేనే పూర్తి చేసుకున్నాను.

మధు, ఎడిసన్:

ఆగండి రమణ గారూ. అడ్డమల్లా చైనా విద్యుత్ కార్ల మీద అమెరికా వేసిన ఆ 100 శాతం సుంకమే. 2026 జనవరిలో ట్రంప్ డెట్రాయిట్‌లో మాట్లాడుతూ, చైనా వాళ్ళు ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టి మనవాళ్ళకు ఉద్యోగాలిస్తామంటే రానివ్వండి అన్నారు. సుంకం తగ్గిన మర్నాడే ఓడలు రేవులో ఉంటాయి. ఫోర్డు అధిపతి జిమ్ ఫార్లీ అంతటివాడే షావోమీ వాళ్ళ విద్యుత్ కారు ఎస్‌యూ7ను షాంఘై నుంచి షికాగోకు తెప్పించుకుని నెలల తరబడి నడిపి, వదలబుద్ధి కావడం లేదన్నాడు. ఇంకేం కావాలి?

పాత ఇనుము, మిషిగన్:

మధు గారూ, అడ్డు సుంకం ఒక్కటే అయితే నేనూ మీతోనే గొంతు కలిపేవాడిని. కారు బాగుందా లేదా అన్నది ఇక్కడ తగాదా కాదు. బాగుందని ఫార్లీయే ఒప్పుకున్నాడు కదా, అందుకే ఆయనకు నిద్ర పట్టడం లేదు.

నేను ఆబర్న్ హిల్స్‌లో, కార్లకు ఎలక్ట్రానిక్ విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పని చేస్తాను. చైనా కార్ల మీద నాకు ప్రేమా లేదు, పగా లేదు. ముందు ఆ సుంకం లెక్కే చూద్దాం. మామూలుగా కారు మీద 2.5 శాతం. చైనా విద్యుత్ కార్ల మీద 2024 సెప్టెంబరు నుంచి బైడెన్ ప్రభుత్వం అమలు చేసిన 100 శాతం. ఆపైన 2025 ఏప్రిల్‌లో ట్రంప్ దిగుమతి కార్ల మీద వేసిన 25. అన్నీ కలిపి 127.5 అనుకోండి. సీగల్ ధర 2024లో చైనాలో 69,800 యువాన్లకు దిగింది, అంటే మీరన్నట్టు 10,000 డాలర్ల దగ్గరే. మొత్తం సుంకం చెల్లించినా 23,000 లోపు తేలుతుంది. పైగా సుంకం పడేది షోరూం ధర మీద కాదు, ఓడతో వచ్చే బిల్లు మీద, కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. ఓడ ఖర్చూ డీలరు లాభమూ కలుపుకున్నా, సగటు ధర 50,000 ఉన్న బజారులో అది చేదు ధర కాదు. మరి ఒక్కటైనా ఎందుకు రాలేదు?

ఎందుకంటే తాళం చెవి కస్టమ్స్ వాళ్ళ దగ్గర లేదు, వాణిజ్య శాఖ దగ్గర ఉంది. బైడెన్ దిగిపోవడానికి వారం ముందు, 2025 జనవరిలో, ఆ శాఖ ఒక తుది నిబంధన ప్రకటించింది. బయటి ప్రపంచంతో మాట్లాడే కారులో ఆ మాటలకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ గానీ, దానంతట అది నడిచే సాఫ్ట్‌వేర్ గానీ, చైనాతోనో రష్యాతోనో ముడిపడిన సంస్థది అయితే 2027 మోడల్ నుంచి చెల్లదు. హార్డ్‌వేర్ అయితే 2030 మోడల్ నుంచి చెల్లదు. అంతకన్నా పెద్ద మెలిక ఇంకొకటి: తయారీదారే చైనా నియంత్రణలో ఉంటే, 2027 మోడల్ నుంచి అటువంటి కారు ఇక్కడ అమ్మనే కూడదు. ఆ కారు ఒహైయోలో, అమెరికన్ల చేతుల మీదుగా తయారైనా సరే. సుంకమైతే డబ్బు కట్టి దాటేయవచ్చు. దీనికి కట్టడానికి రేటంటూ లేదు. బైడెన్ తెచ్చిన ఎన్నింటినో కొట్టిపారేసిన ట్రంప్ ప్రభుత్వం దీన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఈ నిబంధన కాగితం మీద ఎలా ఉందో కాదు, పనిలో ఎలా ఉంటుందో చెప్తాను. నా బల్ల మీద ఒక నల్ల పెట్టె ఉంటుంది, అరచేతి కన్నా కాస్త పెద్దది. మీ కార్లలో అది డాష్‌బోర్డు వెనక దాక్కుని ఉంటుంది. మూత తీస్తే సిమ్ చిప్పు, సెల్యులార్ మోడెం, జీపీఎస్, బ్లూటూత్‌కూ వైఫైకీ కలిపి ఇంకో చిప్పు, మూలన ఒక చిన్న బ్యాటరీ కనిపిస్తాయి. ప్రమాదంలో కారు బ్యాటరీ తెగిపోయినా సాయం కోసం ఫోను చేయడానికి ఆ చిన్న బ్యాటరీ. ఇటువంటి పెట్టె కొనేవాళ్ళు ఒకప్పుడు మమ్మల్ని అడిగేవి ధర ఎంత, అరిజోనా ఎండకూ మిన్నెసోటా చలికీ తట్టుకుంటుందా, ఎప్పటికి ఇస్తారు, ఇవే. ఇప్పుడు మోడెం ఎవరిది, అందులోని ఫర్మ్‌వేర్, అంటే చిప్పును నడిపే సాఫ్ట్‌వేర్, ఏ ఊళ్ళో రాశారు, రాసిన కంపెనీలో వాటా ఎవరిది, రేపు అప్‌డేట్ ఏ సర్వరు నుంచి దిగుతుంది అని అడుగుతున్నారు. ఒక్కో చిప్పుకు వంశవృక్షం గీసి ఇవ్వాలి. నిబంధనలో 450 మెగాహెర్ట్జ్ దగ్గర గీత గీశారు. దానికి పైన మాట్లాడేవి దాదాపు అన్నీ లెక్కలోకి వస్తాయి. తాళం తీసే రిమోటు, టైరులో గాలి ఎంతుందో చెప్పే సెన్సరు ఆ గీతకు కిందే ఉంటాయి కాబట్టి బతికిపోయాయి. బ్లూటూత్ 2,400 దగ్గర ఉంది, దొరికిపోయింది.

అమెరికా కంపెనీలే బియ్యంలో రాళ్ళు ఏరినట్టు తమ కార్లలోంచి చైనా మోడెంలు ఏరుకుంటూ కూర్చున్నాయి. ఇక కారు మొత్తమే బివైడి సొంత ఊరు షెన్‌జెన్ నుంచి వస్తానంటే ఏ కాగితం చూపించి వస్తుంది?

సరే, ఆ పెట్టె పీకేసి, ఏ సంబంధమూ లేని కారుగా అమ్మవచ్చు కదా అని అడుగుతారు. అమ్మవచ్చు. అప్పుడు అందులో ఫోను కలవదు, మ్యాపు రాదు, అప్‌డేట్ రాదు. చైనా కారును చూసి మీ అబ్బాయి కదలకుండా నిలబడింది ఇంజను చూసి కాదు రమణ గారూ, ఆ తెర చూసి. దాని ప్రాణం తీసేసి కారు అమ్మితే ఎవరు కొంటారు? ఒక్క వేమో మాత్రం ఈ దారిలో నడుస్తోంది. తన డ్రైవర్ లేని టాక్సీల కోసం గీలీ అనే చైనా కంపెనీకి చెందిన జీకర్ చేత ఒక వ్యాను చేయిస్తోంది. అది బయటికి మాట్లాడే పరికరాలేవీ లేకుండా ఉత్త బండిగా వస్తుందనీ, మెదడంతా ఇక్కడే తామే అమరుస్తామనీ వేమో చెబుతోంది. మీరూ నేనూ అలా అమర్చుకోలేం.

ట్రంప్ మాట సంగతి. అన్నారు, నిజమే. ఉపన్యాసం వేరు, నిబంధనలు అచ్చయ్యే ప్రభుత్వ గెజిట్ (ఫెడరల్ రిజిస్టరు) వేరు. పోల్‌స్టార్ పేరుకు స్వీడన్ కంపెనీ, డబ్బు గీలీది. దాని పోల్‌స్టార్ 3 దక్షిణ కరోలినాలోని రిడ్జ్‌విల్‌లో తయారవుతోంది. ఈ నిబంధన ముసాయిదా దశలో ఉన్నప్పుడే, ఇలాగైతే అక్కడ తయారైన కార్లు కూడా అమ్ముకోలేమని ఆ కంపెనీ వాణిజ్య శాఖకు రాసుకుంది. మా రాష్ట్రంలో బిగ్ ర్యాపిడ్స్ దగ్గర గోషన్ అనే చైనా కంపెనీ బ్యాటరీ సామగ్రి ఫ్యాక్టరీ కడతానంటే స్థానికులు గొడవ చేశారు, చివరికి 2025లో అది అటకెక్కింది. అదే మిషిగన్‌లో, సాగినాలో స్టీరింగులు చేసే నెక్స్‌టీర్ 2010 నుంచి చైనా యాజమాన్యంలోనే ఉంది, ఎవరికీ పట్టదు. ఒహైయోలో పాత జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో ఫూయావో అద్దాలు చేస్తోంది. స్టీరింగూ అద్దమూ ఎక్కడికీ ఫోను చేయవు కదా.

జపాన్ వాళ్ళూ ఇలాగే వచ్చారు కదా అని కొందరు ఉదాహరణ తెస్తారు. 1981లో జపాన్ తన ఎగుమతులను ఏడాదికి 16.8 లక్షల కార్లకు పరిమితం చేసుకుంది, మరుసటి ఏడాదే హోండా ఒహైయోలోని మేరీస్‌విల్‌లో అకార్డ్ తయారీ మొదలుపెట్టింది, తర్వాత అందరూ ఆ దారి పట్టారు. కాని జపాన్ మిత్రదేశం, అక్కడ అమెరికా సైనిక స్థావరాలు ఉన్నాయి. అప్పటి తగాదా ఉద్యోగాల కోసం, ఇప్పటి తగాదాలో మొదటి మాట దేశ భద్రత, ఉద్యోగాలు రెండో మాట. అందుకే ఈ పోలిక నాకు అతకదు.

ఇక రమణ గారి పికప్ సంగతి. మీరు మనసు పారేసుకున్న ఆ షార్క్ 2024లో మెక్సికోలో 8,99,980 పెసోలకు విడుదలైంది. అప్పటి మారకంలో 50,000 డాలర్లకు పైమాటే! సీగల్‌నే డాల్ఫిన్ మినీ పేరుతో అక్కడ 3,58,800 పెసోలకు, అంటే దాదాపు 21,000 డాలర్లకు అమ్మారు. ఐరోపాలో దాని అన్న డాల్ఫిన్ సర్ఫ్ 2025లో 22,990 యూరోల దగ్గర మొదలైంది. చైనాలో ఆ ధరకు ఎందుకు ఇస్తున్నారంటే అక్కడ కంపెనీలు ఒకదాని గొంతు ఒకటి పిసుక్కుంటున్నాయి. దేశం దాటితే ఎక్కడ ఎంత పలుకుతుందో అంతే పెడతారు, వ్యాపారం అంటే అదే కదా. పికప్పులకైతే ఇంకో అడ్డం కూడా ఉంది. ఐరోపా వాళ్ళు అమెరికా కోళ్ళ మీద పన్ను వేశారని జాన్సన్ ప్రభుత్వం 1964లో దిగుమతి పికప్పుల మీద 25 శాతం వేసింది. ఆ కోళ్ళ గొడవ ఎవరికీ గుర్తు లేదు, పన్ను మాత్రం ఇప్పటికీ ఉంది. సుంకం తీసేస్తారని రోజులు లెక్కపెట్టేవాళ్ళకు ఈ కథ చెప్తుంటాను.

మెక్సికోలో కొని తెచ్చుకోవడం కుదరదు. ఇక్కడి భద్రతా ప్రమాణాల కింద తయారీదారు ధ్రువీకరించని కారును పాతికేళ్ళు నిండితేనే మామూలు మనిషి తెచ్చుకోగలడు. ఆ మోంటెర్రే పెద్దాయన సందర్శకుడు, తన బండిలో వచ్చి తన బండిలో వెళ్ళిపోతాడు. మీరు టెక్సాస్ నివాసి.

చైనాలో తయారైన కారే కావాలంటే మాత్రం రేపు పొద్దున్నే కొనుక్కోవచ్చు. బ్యూక్ ఎన్విజన్ షాన్‌డాంగ్ రాష్ట్రంలోని యెన్‌టాయ్ నుంచి, లింకన్ నాటిలస్ హాంగ్‌జో నుంచి వస్తున్నాయి. రెండింటి మీదా అమెరికా బ్రాండే, ధరా అమెరికా ధరే. తర్వాతి తరం ఎన్విజన్‌ను 2028లో కాన్సస్‌కు తెస్తామని జనరల్ మోటార్స్ 2026 జనవరిలో ప్రకటించింది, కాబట్టి అదీ ఎన్నాళ్ళో ఉండదు.

లక్ష్మి, విండ్సర్ (కెనడా):

ఇనుము గారూ, మీ డెట్రాయిట్ నాకు వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. ఏరు దాటితే చాలు, ఇక్కడి కథ వేరు. మేమూ 2024 అక్టోబరులో మిమ్మల్ని చూసి 100 శాతం వేశాం. 2026 జనవరిలో మా ప్రధాని కార్నీ బీజింగ్ వెళ్ళి ఏడాదికి 49,000 చైనా విద్యుత్ కార్లను 6.1 శాతం సుంకంతో రానివ్వడానికి ఒప్పుకుని వచ్చారు. బదులుగా వాళ్ళు మా కనోలా (ఆవాల జాతి నూనెగింజలు) మీద సుంకం తగ్గిస్తారట. సస్కాచివాన్ రైతులు సంతోషించారు. మా ఊళ్ళో మాత్రం ఇంటికొకరు కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తారు, అక్కడ ముఖాలు వేరుగా ఉన్నాయి.

ఒక విషయం గమనించండి. కెనడా భద్రతా ప్రమాణాలు దాదాపు అమెరికావే. అంటే ఇక్కడ అమ్మడానికి తయారుచేసిన కారు సాంకేతికంగా మీ దేశానికి కూడా ఇంచుమించు సిద్ధమైనట్టే. గేటు తెరిచిన రోజున చైనా వాళ్ళకు ఏళ్ళ తరబడి పని ఉండదు. అందుకని "ఎప్పటికీ రావు" అనడం తొందరపాటు.

పాత ఇనుము, మిషిగన్:

ఎప్పటికీ రావని నేననలేదు లక్ష్మి గారూ. రమణ గారి క్యామ్రీ బతికుండగా రావు అంటున్నాను! ప్రమాణాల సంగతి మాత్రం మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. 2007లో ఐరోపా వాళ్ళు బ్రిలియన్స్ అనే చైనా కారును గోడకు కొట్టి చూస్తే ఒక్క నక్షత్రం వచ్చింది. 2022లో బివైడి అట్టో 3కి ఐరోపా భద్రతా పరీక్షల సంస్థ యూరో ఎన్‌క్యాప్ అయిదు ఇచ్చింది. ఇనుము ఎప్పుడో నేర్చుకున్నారు. అందుకే అడ్డుకునే చోటు ఇనుము దగ్గర నుంచి చిప్పు దగ్గరికి మారింది.

షోరూం శ్రీను, అట్లాంటా:

నేను కార్లు అమ్మేవాడిని, కాబట్టి నాకు కనిపించేది చెప్తాను. గేటు తెరిచినా మొదటి బండి కొనేవాడు నా దగ్గర బంధువైతే వద్దనే చెప్తాను. కోడా పేరు ఎవరికైనా గుర్తుందా? కాలిఫోర్నియా కంపెనీ. చైనాలోని హఫే అనే కంపెనీ సెడాన్ బాడీ తెచ్చి, విద్యుత్ మోటారు పెట్టి 37,250 డాలర్లకు అమ్మబోయింది. 2013లో దివాలా తీసింది. కొన్న కొద్దిమందికీ తర్వాత బంపరు ఎక్కడ దొరుకుతుంది? అంతకు ముందు 2005లో మాల్కమ్ బ్రిక్లిన్ అనే వ్యాపారి చెరీ అనే చైనా కంపెనీ కార్లు తెస్తానని డీలర్ల దగ్గర డబ్బు సేకరించాడు. అమెరికాకు సుబారునూ యూగోనూ తెచ్చింది ఈయనే! ఒక్క చెరీ కారు కూడా షోరూంకు చేరలేదు.

మా వ్యాపారంలో కొత్త బ్రాండును పరీక్షించేది పాత కార్ల వేలం పాట. మూడేళ్ళ తర్వాత అక్కడ ఎంత పలుకుతుందో తెలియని బండికి బ్యాంకు లీజు సరిగా రాయదు, బీమా కంపెనీ ప్రీమియం పెంచుతుంది. హ్యుందాయ్ 1986లో ఎక్సెల్‌ను 4,995 డాలర్లకు తెచ్చి మొదటి ఏడాదే 1,68,882 అమ్మింది. తర్వాత నాణ్యత విషయంలో పేరు పోగొట్టుకుంది. పదేళ్ళ వారంటీ ఇచ్చాక గానీ జనం మళ్ళీ తలుపు తట్టలేదు. అయినా డీలర్లలో చాలామంది చైనా బ్రాండు ఫ్రాంచైజీ కోసం ఎదురు చూస్తున్న మాట నిజం, ఆ సంగతి పైకి మాత్రం అనరు.

రమణ, ఫ్రిస్కో:

షార్క్ ధర చూసి మా అబ్బాయి కన్నా నేనే ఎక్కువ నీరసపడ్డాను. సరే, మెక్సికో ఆశ వదిలేశాను. చివరి ప్రశ్న: కొనకుండా మూడేళ్ళ లీజు తీసుకుంటే ఎలా ఉంటుంది? ఈ లోపు ఏదైనా తేలుతుందేమోనని. విద్యుత్ కారే చూస్తున్నాను, ఇంట్లో చార్జరు పెట్టుకునే వీలుంది.

పాత ఇనుము, మిషిగన్:

మీ పరిస్థితిలో అదే మంచి దారి. 7,500 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో పోయింది కాబట్టి కంపెనీలే లీజుల్లో ఏదో ఒక తగ్గింపు చూపిస్తున్నాయి. నెల వాయిదా ఒక్కటే చూడకండి. లీజు చివర కారు విలువ ఎంత అని రాశారో, మైళ్ళ పరిమితి ఎంతో కూడా చూడండి. మీ ఆఫీసు ప్లానోలో అయితే ఏడాదికి 10,000 మైళ్ళు చాలవచ్చు, ఆస్టిన్ ప్రయాణాలు ఎక్కువైతే 12,000 పెట్టించుకోండి.

మూడేళ్ళలో తేలేవి నాకు కనిపిస్తున్నవి రెండు. 2026 జూలైలో మెక్సికో, కెనడాలతో వాణిజ్య ఒప్పందం సమీక్షకు వస్తుంది. చైనా కార్ల మీద ఆ ఇద్దరి చేత అమెరికా ఏం ఒప్పిస్తుందో అప్పటికి కొంత తెలుస్తుంది. మెక్సికో ఇప్పటికే 2026 జనవరి నుంచి చైనా కార్ల మీద 50 శాతం సుంకం వేసింది. రెండోది, 2030 మోడళ్ళ హార్డ్‌వేర్ గడువు. మీ లీజు ముగిసే నాటికి ఆ మోడళ్ళు షోరూంలోకి వస్తూ ఉంటాయి. వాణిజ్య శాఖ ఎవరికైనా ప్రత్యేక అనుమతి ఇచ్చిందా అన్నది చూడండి, నిబంధనలో ఆ వీలు ఉంది. గీలీకి గానీ బివైడికి గానీ అటువంటి అనుమతి దొరికిందని విన్న రోజున మధు గారి ఓడల మాట నేనూ నమ్ముతాను. అప్పటిదాకా ఆ క్యామ్రీ మీద ఒక్క డాలరు కూడా తగలేయకండి, గేరుబాక్సు సంగతి దాచకుండా చెప్పి అమ్మేయండి.